‘చిల్లర దేవుళ్ళు’ పాఠానికి ముందు కొన్ని జాగ్రత్తలు

ఈ సెమిస్టరులో వరంగల్ ప్రాంత కళాశాలల్లో దాశరథి రంగాచార్య నవల చెప్పబోతున్న తోటి అధ్యాపకులకు:

– కాలం సరిచూసుకోండి. ఇది సాయుధ పోరాటానికి ముందటి తెలంగాణ. 1946లో కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమురయ్య బలైన ఘట్టంతో పాఠం మొదలుపెడితే, తిరుగుబాటు ఎందుకు వచ్చిందో చూపే నవలను పిల్లలు తిరుగుబాటు కథగానే చదువుతారు. తర్వాత దిద్దడం చాలా కష్టం.

– ‘ఆడబాప’ అంటే పనిమనిషి అని రాయించకండి. దొర కూతురి పెళ్లిలో సారెతోపాటు అత్తవారింటికి పంపిన ఆడపిల్ల ఆమె. జీతం లేదు, తనదైన ఇల్లు లేదు, తన దేహం మీదే హక్కు లేదు. ఈ ఒక్క మాట తేలికైతే నవలలోని దుఃఖమంతా తేలికైపోతుంది.

– బ్రిటిష్ పాలన అనకండి. నిజాం రాజ్యం, కచేరీ భాష ఉర్దూ, చెల్లుబడి నిజాం సొంత నాణెం హాలీ సిక్కా.

– పాత కాగితాలు చూపితే వాటిలోని ఫసలీ (నిజాం రెవెన్యూ లెక్కల) ఏడాదికి సుమారు 590 కలిపి క్రీస్తు శకం ఏడాది చెప్పండి.

– ‘మీ ఊరి గడీ (దొర కోటలాంటి ఇల్లు) ఎవరిది?’ అని తరగతిలో అడగకండి. ఒకే బెంచీ మీద దొర మునిమనుమరాలు, వెట్టి చేసిన ఇంటి మునిమనుమడు కూర్చుని ఉండవచ్చు. ఇంట్లో పెద్దలను అడిగి రాసుకురమ్మనండి. చదివి వినిపించాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయండి.