సెస్నా 172 ఇంజిన్ వేడెక్కుతోంది, పవర్ రావడం లేదు: ఎక్కడి నుంచి వెతకాలి

ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా విమానం బద్ధకంగా లేస్తుంది, లేచాక సిలిండర్ హెడ్ టెంపరేచర్ ఎర్రగీత వైపు పోతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే హ్యాంగర్లో మొదట వినబడే మాట "సిలిండర్ పోయింది". దయచేసి సిలిండర్ జోలికి ఆఖర్న వెళ్లండి. నేను చెప్పేది 172ఎన్‌లో ఉండే లైకమింగ్ ఓ-320 గురించి, అంటే 160 హార్స్ పవర్, నాలుగు సిలిండర్లు, కార్బ్యురేటర్, గాలితో చల్లబడే ఇంజిన్. విప్పడం, బిగించడం మాత్రం లైసెన్స్ ఉన్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) చేతుల మీదుగా, మాన్యువల్ ప్రకారమే జరగాలి.

గాల్లో ఉండగానే వేడెక్కితే

మిక్స్చర్ రిచ్ చేయండి (గాలిలో ఇంధనం పాలు పెంచండి), ముక్కు దించి స్పీడ్ పెంచండి, పవర్ తగ్గించండి. ఈ ఇంజిన్‌కి సిలిండర్ హెడ్ గరిష్ఠ పరిమితి 500 డిగ్రీల ఫారన్‌హీట్, ఆయిల్‌కి 245. పరిమితి 500 ఉంది కదా అని రోజూ 470లో తిప్పకండి, 400 లోపు ఉంచితే సిలిండర్లు చాలాకాలం వస్తాయి. ఆయిల్ టెంపరేచర్ పెరుగుతూ ప్రెషర్ పడిపోతుంటే ఇక కారణాల గురించి ఆలోచించకుండా దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగిపోండి.

అసలు ఇంజిన్‌లో తప్పుందా, ఎండదా?

బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీల సెల్సియస్ ఎండకి అక్కడి గాలి 5,400 అడుగుల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది, టర్బో లేని ఇంజిన్ పవర్‌లో సుమారు 15 శాతం అక్కడే పోతుంది, చల్లబరచాల్సిన గాలి కూడా అదే కాబట్టి వేడీ పెరుగుతుంది. ఏ తప్పూ లేని ఇంజిన్ కూడా ఆ మధ్యాహ్నం అలాగే ప్రవర్తిస్తుంది.

తేల్చుకోవడానికి స్టాటిక్ ఆర్‌పీఎం చూడండి, అంటే విమానం నిలబడి ఉండగా ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. గాలి లేని ఉదయం, బ్రేకులు పట్టి, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే ఏర్పాటు) ఆఫ్‌లో ఉంచి, ఆర్‌పీఎం గరిష్ఠంగా వచ్చేలా మిక్స్చర్ లీన్ చేసి (ఇంధనం పాలు తగ్గించి) ఫుల్ థ్రాటిల్ ఇస్తే 172ఎన్‌లో 2,280 నుంచి 2,400 మధ్య రావాలి. ఎండ రోజున ఇంజిన్ పవర్ తగ్గినా, ప్రొపెల్లర్‌ కోసే గాలీ పల్చబడుతుంది కాబట్టి ఈ అంకె పెద్దగా మారదు. అందుకే ఇది 2,200 దగ్గర ఆగిపోతే నేరం ఎండ మీదకి తోయకండి. కానీ ముందుగా ఆప్టికల్ టాకోమీటర్‌తో సరిచూడండి, పాత మెకానికల్ టాకోలు వయసు మీరేకొద్దీ తక్కువ చూపిస్తాయి.

ఆర్‌పీఎం నిజంగానే తక్కువ

తేలికైన వాటితో మొదలుపెట్టండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుందా? థ్రాటిల్ మొత్తం నొక్కినప్పుడు కార్బ్యురేటర్ మీది ఆర్మ్ స్టాప్‌ని తాకుతోందా? కార్బ్ హీట్ ఫ్లాప్ పూర్తిగా మూసుకుంటోందా? ఇది చాలామంది చూడరు. కేబుల్ సర్దుబాటు తప్పితే నాబ్ లోపలికే ఉన్నా ఫ్లాప్ సగం తెరిచి ఉంటుంది, ఇంజిన్ ఎప్పుడూ వేడిగాలే పీలుస్తూ ఉంటుంది.

పవర్ వస్తూ పోతూ ఉంటే మఫ్లర్‌ని అనుమానించండి. లోపలి బాఫిల్ విరిగి ముక్క వెళ్లి దారికి అడ్డం పడుతుంది, కదిలినప్పుడు పవర్ తిరిగొస్తుంది. చల్లారాక అరచేత్తో తట్టితే గలగలమంటుంది. మార్చడం తప్ప వేరే దారి లేదు, వాయిదా వేయకండి, ఎందుకంటే క్యాబిన్ హీట్ గాలి వచ్చేది దాని చుట్టూ ఉన్న కవచంలోంచే, పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది.

నెలల తరబడి కొద్దికొద్దిగా పవర్ తగ్గి, కంప్రెషన్ (సిలిండర్ గాలిని లీకవ్వకుండా నిలపడం) మాత్రం 80కి 75 చూపిస్తుంటే, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ చూడండి. కంప్రెషన్ పరీక్ష వాల్వులు మూసి ఉండగా చేస్తాం, అరిగిన క్యామ్ అందులో ఎలా దొరుకుతుంది? ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు రజను వెతకండి, రాకర్ కవర్లు తీసి డయల్ ఇండికేటర్‌తో ప్రతి వాల్వు లిఫ్ట్ కొలిచి పోల్చండి. విశాఖ లాంటి తేమ గాలిలో వారాల తరబడి తిప్పకుండా నిలబెట్టిన ఇంజిన్‌లో క్యామ్‌కి తుప్పు పట్టి, తర్వాత పెచ్చులూడుతుంది. 172ఎన్‌లోని ఓ-320-హెచ్2ఏడీ రకానికి ఈ జబ్బు పేరుమోసింది.

ఆర్‌పీఎం బాగానే ఉంది, వేడి మాత్రం తగ్గదు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే కవచం) తీసి బాఫిల్స్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకులు) చూడండి. పైనుంచి వచ్చిన గాలి సిలిండర్ రెక్కల మధ్యలోంచే కిందికి దిగాలి, రబ్బరు సీల్ ఎండిపోయి వెనక్కి మడిచిపోతే గాలి ఆ సందులోంచి జారిపోతుంది, సిలిండర్‌కి అందదు. చీకట్లో కింద లైటు పెట్టి పైనుంచి చూడండి, వెలుతురు కనబడిన చోటల్లా గాలి పోతున్నట్టే. సీల్ అంచు కౌలింగ్‌కి ఒరుసుకున్న మసి గీత ఎక్కడ తెగిందో కూడా గమనించండి. సిలిండర్ల మధ్య రేకులు ఊడాయేమో, పిట్ట గూడు పెట్టిందేమో చూడండి. సీల్ కొత్తది వేయించడం ఖర్చులో చిన్న పని, ఫలితం మాత్రం పెద్దది.

ఆయిల్ ఒక్కటే వేడెక్కితే ఆయిల్ మట్టం, కూలర్ రెక్కల్లో పేరుకున్న మట్టి, తర్వాత వెర్నాథెర్మ్ (ఆయిల్‌ని కూలర్‌లోకి మళ్లించే థర్మోస్టాట్ వాల్వు) చూడండి. దానికంటే ముందు సెన్సర్‌ని మరిగే నీళ్లలో పెట్టి 212 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర చూపిస్తుందో లేదో చూస్తే అనవసరపు టెన్షన్ తప్పుతుంది.

రెండు గేజీలు కలిపి చదవడం

ఎగ్జాస్ట్ టెంపరేచర్, హెడ్ టెంపరేచర్ రెండూ పెరిగితే మిక్స్చర్ లీన్, కార్బ్యురేటర్ జెట్, ఇంధన ప్రవాహం చూడాలి. హెడ్ పెరిగి ఎగ్జాస్ట్ తగ్గితే ప్లగ్గులు నిప్పురవ్వ వేసే టైమింగ్ ముందుకు జరిగింది లేదా డిటోనేషన్ (ఇంధనం నిలకడగా మండకుండా ఒక్కసారిగా పేలడం). ఇది ఇంజిన్‌ని నిమిషాల్లో తినేస్తుంది, ఎగరకండి, ట్యాంకులో నీలిరంగు 100ఎల్ఎల్ విమాన పెట్రోలు తప్ప వేరేది పడిందేమో చూడండి. ఎగ్జాస్ట్ పెరిగి హెడ్ తగ్గి, పవర్ కూడా పడిపోతే ప్లగ్గులకి కరెంటు ఇచ్చే రెండు మ్యాగ్నెటోల్లో ఒకటి పనిచేయడం లేదు లేదా టైమింగ్ వెనక్కి పోయింది. 1,700 ఆర్‌పీఎం దగ్గర ఏ ఒక్క మ్యాగ్నెటో మీద నడిపినా ఆర్‌పీఎం 125కి మించి పడకూడదు, రెంటికీ తేడా 50 దాటకూడదు. ఒకే సిలిండర్ వేడిగా ఉండి, ఐడిల్‌లో దడదడలాడి, ఫుల్ థ్రాటిల్‌లో సర్దుకుంటే ఇన్‌టేక్ పైపు లీకు, దాని మూతి దగ్గర నీలిమరక వెతకండి.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక సిలిండర్ కొట్టకుండా కాసేపటికి మామూలైపోతే సంతోషించకండి. అది ఎగ్జాస్ట్ వాల్వు గైడ్‌లో ఇరుక్కుంటున్న గుర్తు, లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 388సి ప్రకారం వాబుల్ టెస్ట్ (గైడ్‌లో వాల్వు ఎంత ఊగుతుందో కొలిచే పరీక్ష) చేయించేదాకా విమానం నేల మీదే ఉండాలి.

ఏ మరమ్మతు చేసినా కౌలింగ్ బిగించాకే స్టాటిక్ ఆర్‌పీఎం మళ్లీ కొలవండి, కౌలింగ్ లేకుండా నేల మీద ఎక్కువసేపు ఫుల్ పవర్ తిప్పితే ఇంజిన్ చల్లబడదు. ఆ అంకెని, ఆ రోజు ఉష్ణోగ్రతతో సహా లాగ్‌బుక్‌లో రాయండి.