పాత కారు పాఠాలు – 4: ఎర్ర ఆయిల్ లైటు

గత పాఠంలో డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తుతో వెలిగే లైటును పరిశీలించాం. ఈ పాఠం నూనె చుక్క కారుతున్న డబ్బా గుర్తు ఉండే ఎర్ర లైటు గురించి. అభ్యాసానికి మారుతి 800ను తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్ల ముందు కనిపిస్తుంది. ఆ కారు మీ పక్కింటి మాస్టారిదనుకోండి. ఆయన వచ్చి, "నిన్న ఊళ్లోకి వెళ్లి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది బాబూ, కాస్త ఆయిల్ పోయిస్తే సరిపోతుందంటావా?" అని అడిగారు. అవునని గానీ కాదని గానీ అప్పుడే చెప్పకండి. ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించమని కూడా అడగకండి.

ఈ లైటు తెలిపేది ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉందన్నది కాదు, ఆయిల్ ప్రెషర్ ఉందా లేదా అన్నది. ఇంజిన్ అడుగున ఉండే ఛాంబర్‌లోని ఆయిల్‌ను జల్లెడ గుండా పంపు పీల్చి, ఫిల్టర్ మీదుగా ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంకును మోసే బేరింగులకు, వాల్వులను తెరిచే ఇరుసైన పైనున్న క్యామ్ షాఫ్టుకు పంపుతుంది. పంపు చేసే పని ఆయిల్‌ను నెట్టడం మాత్రమే. ఆ ఆయిల్ బేరింగుల సన్నని సందుల్లోంచి కష్టపడి బయటికి రావడం వల్ల ప్రెషర్ పుడుతుంది. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ధార బలంగా వచ్చి, వేలు తీయగానే చప్పబడుతుంది కదా, ఇదీ అంతే. బేరింగులు అరిగి సందు పెరిగినా, వేడికి ఆయిల్ పల్చబడినా, పంపు నెమ్మదిగా తిరిగినా ప్రెషర్ తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర, వేడెక్కిన ఇంజిన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా, తిరుగుతున్నప్పుడు వీటిలో చివరి రెండూ ఒకేచోట కలుస్తాయి కనుకనే మాస్టారికి లైటు అక్కడ కనిపించింది.

ప్రెషర్‌ను గమనించే స్విచ్ ఇంజిన్ బ్లాకుకు బిగించి ఉంటుంది, దానికి ఒకటే వైరు. ప్రెషర్ లేనప్పుడు అది వైరును ఎర్త్‌కు, అంటే కారు బాడీకి, కలిపి లైటు వెలిగిస్తుంది, ప్రెషర్ రాగానే విడిపోయి ఆర్పేస్తుంది. మామూలుగా అది విడిపోవడానికి చదరపు సెంటీమీటరుకు అర కిలో లోపు ప్రెషర్ చాలు. దీనివల్ల రెండు సంగతులు తేలుతున్నాయి. లైటు వెలిగిందంటే ప్రెషర్ అప్పటికే బాగా పడిపోయిందని అర్థం. వెలగకపోయినంత మాత్రాన అంతా సవ్యంగా ఉందని అర్థం కాదు.

ఇప్పుడు మాస్టారిని కూర్చోబెట్టి అడగవలసినవి అడగండి. నా ఉద్దేశంలో ఈ పాఠంలోకెల్లా విలువైన పనిముట్టు ఈ ప్రశ్నలే. లైటు ఇంజిన్ ఆగిపోయినప్పుడు వెలిగిందా, తిరుగుతుండగా వెలిగిందా? బ్యాటరీ లైటు కూడా దానితోపాటే వెలిగి ఉంటే, సిగ్నల్ దగ్గర ఇంజిన్ చప్పుడు లేకుండా ఆగిపోయి ఉండవచ్చు, అప్పుడు అది వెలగడం సహజమే. మలుపు తిరిగేటప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడో వెలిగి ఆరితే, ఛాంబర్‌లో ఆయిల్ తక్కువై ఒక పక్కకు ఒరిగి, జల్లెడ గాలిని పీల్చిందన్నమాట. వేడి మీద స్లోలో మాత్రమే మిణుకుమని, యాక్సిలరేటర్ నొక్కి కొంచెం రేజింగ్ ఇవ్వగానే ఆరిపోతే ఆయిల్ పల్చబడి ఉండాలి, లేదా బేరింగులు అరిగి ఉండాలి, లేదా స్విచ్ చెడి ఉండాలి. రోడ్డు మీద వేగంగా వెళుతున్నప్పుడు వెలిగి ఆరకుండా ఉంటే అది అన్నిటికన్నా ప్రమాదకరం. ఈమధ్య ఆయిల్ మార్పించారా అనీ, స్పీడ్ బ్రేకర్ మీద కారు అడుగు తగిలిందా అనీ కూడా తప్పక అడగండి, ఎందుకంటే ఈ రెండూ కారు యజమానులు తమంతట తాము చెప్పరు.

ప్రశ్నలయ్యాక బానెట్ ఎత్తండి. కారు చదునైన నేల మీద ఉండాలి, ఇంజిన్ ఆపి కనీసం పది నిమిషాలు గడిచి ఉండాలి. డిప్‌స్టిక్‌ను, అంటే ఆయిల్ మట్టం చూపే గీతల పుల్లను, బయటికి తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీస్తే అప్పుడు కనిపించేదే సరైన మట్టం. ఈ చిన్న ఇంజిన్‌లో పట్టేదే సుమారు 3 లీటర్ల ఆయిల్ కనుక అందులో ఒక లీటరు తగ్గడమంటే మూడో వంతు పోయినట్టే. కింది గీతకు దిగువన ఉంటే, కారు పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్‌ను కొద్దికొద్దిగా పోసి, ప్రతిసారీ ఆగి చూడండి. పై గీత దాటించకూడదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలికి నురుగు చేస్తుంది, ఆ నురుగుతో ప్రెషర్ నిలవదు.

మట్టం చూసిన కంటితోనే రంగునూ చూడండి, వాసన కూడా చూడండి. నల్లబడటం సహజం. మజ్జిగ కలిసినట్టు తెల్లగా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే పల్చని పొర) దగ్గర నీరు ఆయిల్‌లో కలుస్తున్నదని అనుమానించాలి, ఆ కారును స్టార్ట్ చేయకూడదు. ఆయిల్ పోసే మూత లోపలి వైపు మాత్రమే, చలికాలంలో, కొద్దిగా తెల్లని పూత ఉంటే కంగారు పడనక్కరలేదు, అది దగ్గరి దూరాలే తిరిగే కార్లలో పేరుకునే తేమ. పెట్రోలు వాసన గుప్పుమని, మట్టం పోయకుండానే పెరిగి ఉంటే, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న పాత మోడళ్లలో పెట్రోలు పంపు లోపలి పొర చిరిగి పెట్రోలు ఛాంబర్‌లోకి దిగుతూ ఉండవచ్చు.

తర్వాత టార్చితో కారు కిందికి చూడండి, కానీ జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకండి. పాత ఆయిల్‌ను వదిలే డ్రెయిన్ బోల్టు వద్ద గానీ, ఫిల్టర్ వద్ద గానీ తడి ఉందేమో గమనించండి. కొత్త ఫిల్టర్ బిగించేటప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు వాషరు బ్లాకుకే అతుక్కుని ఉండిపోతే, రెండు వాషర్ల మధ్య నుంచి ఆయిల్ చూస్తుండగానే కారిపోతుంది. ఛాంబర్‌కు సొట్ట పడిందేమో ప్రత్యేకంగా చూడండి. జల్లెడకూ ఛాంబర్ అడుగుకూ మధ్య ఉండే ఎడం తక్కువ. సొట్ట లోపలికి నెట్టుకుపోతే జల్లెడ నోరు మూసుకుపోతుంది. ఆయిల్ నిండుగా ఉన్నా లైటు వెలగడానికి మన ఎగుడుదిగుడు రోడ్ల మీద ఇదొక కారణమని చాలామందికి తట్టదు.

మట్టం, రంగు, ఛాంబర్ అన్నీ సరిగా ఉన్నప్పుడే వైరు వంతు వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రమే తిప్పండి. లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా వైరు తెగి ఉండాలి. పాత కారు అమ్మేముందు ఆ వైరును కావాలనే ఊడదీసే మహానుభావులూ ఉన్నారు కనుక, కొనేవారు కూడా ఈ ఒక్క పరీక్ష మరువరాదు. వెలిగాక స్విచ్ మీది వైరును లాగండి, లైటు ఆరాలి. ఆరకపోతే వైరు తోలు ఊడి ఎక్కడో బాడీకి తగులుతున్నది, అది ఇంజిన్ జబ్బు కాదు. ఆరితే వైరు మంచిదే, దానిని తిరిగి తగిలించండి. వైరు కొనకు ఆయిల్ అంటి ఉంటే స్విచ్ లోపల చిల్లిపడినట్టే, దానిని మార్చాలి. మార్చేటప్పుడు బలమంతా పెట్టి బిగిస్తే బ్లాకు మరలు పాడవుతాయి.

ఈ దశలో కొందరు, "చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరిపోతుంది సార్" అంటారు. ఆరడం నిజమే. కానీ అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది, చల్లని ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో ఆ చిక్కని ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. కారణం తెలియకముందే లైటును ఆర్పే ఏ ఉపాయాన్నీ నేను సమర్థించను.

అన్నీ సరిగా ఉండి, లైటు వెలిగినప్పుడు అడుగు నుంచి డొక్కు డొక్కుమనే చప్పుడు గానీ, పైనుంచి వాల్వులను కదిపే టాపెట్ల టకటక గానీ వినిపించలేదని మాస్టారు ఖచ్చితంగా చెబితే, ఒక్కసారి స్టార్ట్ చేసి చూడవచ్చు. ఐదు సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరినా, అసలు ప్రెషర్ ఎంతో గేజితో కొలిచేదాకా కారును దూరం పంపకండి. చప్పుడు వినిపించిందంటే మాత్రం మెకానిక్కును ఇంటికే పిలిపించమని, లేదా కారును లాక్కెళ్లే బండి మాట్లాడమని చెప్పండి. "మెల్లగా షెడ్డుదాకా నడిపేస్తాను" అంటే ఒప్పుకోవద్దు.

స్విచ్ విప్పి ఆ చోట గేజి బిగించి, చల్లని ఇంజిన్‌లోనూ వేడెక్కాక స్లోలోనూ ప్రెషర్ కొలవడం వచ్చే పాఠంలో నేర్చుకుందాం. ఈలోగా మీ సొంత కారులో తాళం తిప్పి లైటు వెలుగుతున్నదో లేదో చూసి, స్టార్ట్ చేశాక ఎన్ని సెకన్లకు ఆరుతున్నదో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఏ గీత దగ్గర ఉందో తేదీతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. గేజి అంకెలను వాటితో పోల్చి చూడవలసి ఉంటుంది.