గల్ఫ్ పనికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్: ఎవరికి అవసరం, దరఖాస్తు ఎలా చేయాలి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు ఊళ్లలో బోర్లు ఎండి, అప్పులు పెరిగి, చేతికి పని దొరకనప్పుడు మొదట గుర్తొచ్చేది దుబాయే. రాయచోటి, రాజంపేట, కోనసీమ వాళ్లకైతే కువైట్. వెళ్లడం తప్పు కాదు, తప్పదు కూడా. కానీ చాలామంది వీసా చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. పదో తరగతి పాస్ కానివారికి వీసాతో పాటు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, కూడా ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన నియమం ఇది.

ముందు మీ పాస్‌పోర్టు తీసి చూడండి. అందులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్రించి ఉంటే క్లియరెన్స్ కావాలి. ఆరు గల్ఫ్ దేశాలకే కాదు, మలేషియా, ఇరాక్, జోర్డాన్ లాంటి మరికొన్ని దేశాలకు పనికి వెళ్లినా ఇదే వర్తిస్తుంది. ఆ ముద్ర లేకపోతే అవసరం లేదు. పదో తరగతి పాసై ఉండి కూడా పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉంటే, మెమో పెట్టి కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకుని దాన్ని తీయించుకోవచ్చు.

తర్వాత ఏజెంటు సంగతి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. లైసెన్సు రద్దయినవాళ్ల వివరాలు కూడా అక్కడే దొరుకుతాయి. ఏజెంటు చెప్పిన లైసెన్సు నంబరు, ఆఫీసు అడ్రసు జాబితాతో సరిపోలాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. మనకు తెలిసిన మనిషే, మేనమామ వరసే అయినా సరే, డబ్బు అతని చేతికి ఇవ్వొద్దు. ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. లక్ష, లక్షన్నర అడిగితే అది చట్టవిరుద్ధం. డబ్బు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.

లైసెన్సున్న ఏజెంటు ద్వారా వెళ్తే దరఖాస్తును అతనే ఈమైగ్రేట్‌లో పెడతాడు. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, బీమా పాలసీ కావాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ప్రభుత్వ ఫీజు 200 రూపాయలే. ఒప్పందంలో జీతం, పని, గంటలు, వసతి, తిరుగు టికెట్ ఏం రాశారో ఎవరితోనైనా చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఇక్కడ డ్రైవర్ అని చెప్పి, అక్కడ గొర్రెలు కాయించిన ఉదంతాలు మన పల్లెల్లో ఎన్నో. అలాంటప్పుడు రాయబార కార్యాలయం ముందు చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ కాగితమే.

అక్కడున్న బావో తమ్ముడో వీసా పంపితే, ఏజెంటు లేకుండా నేరుగా దరఖాస్తు చేయొచ్చు. అయితే వీసా ఇచ్చిన యజమాని గానీ కంపెనీ గానీ ఈమైగ్రేట్‌లో నమోదై ఉన్నారో లేదో ముందే అడగండి. దరఖాస్తులను పరిశీలించేది ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అధికారి. మనవైపు వాళ్లకు హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది.

మహిళలకు నియమాలు ఇంకా గట్టివి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఈ పని చూస్తాయి. వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తామనే వాళ్లను దగ్గరికి రానీయొద్దు.

"విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అనే మాట నమ్మి ఎక్కువమంది మునుగుతున్నారు. కొన్నిచోట్ల వీసా మారుతుంది కూడా. మారకపోతే మాత్రం ఆకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) ఉండదు, జీతానికి దిక్కుండదు, ఖల్లివెల్లి అయి, అంటే కాగితాల్లేని మనిషిగా, దాక్కుని బతకాలి. ఒకరి పేరు మీద వీసా తీసి, ఎక్కడైనా పని చేసుకోమంటూ ఆజాద్ వీసా అని అమ్మేవాళ్లతోనూ ఇదే చిక్కు.

బీమాను లాంఛనంగా చూడకండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం పన్ను కాకుండా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. గడువు ముగిస్తే అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు. పాలసీ, ఒప్పందం, వీసా జిరాక్సులు ఇంట్లో ఇచ్చి వెళ్లండి, పాలసీ ఉందన్న సంగతి భార్యకో తండ్రికో తెలియాలి. తెలంగాణ వాళ్లు గల్ఫ్‌లో చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు కుటుంబం కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి.

వెళ్లేముందు ఇచ్చే ఒకరోజు అవగాహన శిక్షణ ఉచితం. ఏజెంటు మీద అనుమానం వస్తే డబ్బు కట్టకముందే 1800 11 3090కి ఫోన్ చేయండి, ఇది కేంద్రం నడిపే టోల్ ఫ్రీ నంబరు. అక్కడికి వెళ్లాక జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ఇంట్లోవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.