తెల్లారేసరికి కాళ్లు పడిపోతే పొటాషియం ఒక్కటే కాదు, థైరాయిడ్ కూడా చూడాలి

రాత్రి కడుపునిండా బిర్యానీ తిని పడుకున్న పాతికేళ్ల కుర్రాడు తెల్లవారుజామున మంచం దిగలేకపోతే ఇంట్లో అందరికీ పక్షవాతమే గుర్తొస్తుంది. పక్షవాతం చాలావరకు ఒక పక్కకే వస్తుంది. థైరాయిడ్ ఎక్కువై, రక్తంలో పొటాషియం పడిపోయి వచ్చే ఈ జబ్బులో (థైరోటాక్సిక్ పీరియాడిక్ పెరాలిసిస్) రెండు కాళ్లూ పట్టు తప్పుతాయి, ముందు తొడలు. గిల్లితే తెలుస్తుంది, మాటా తెలివీ మామూలుగానే ఉంటాయి. కొన్ని వారాలుగా బరువు తగ్గడం, గుండెదడ, చెమటలు ఉన్నాయేమో అడగండి. చేతులు చాపించి వేళ్ల మీద ఓ కాగితం పెట్టండి; అది సన్నగా వణికితే థైరాయిడ్ మీద అనుమానం బలపడుతుంది. ఈ జబ్బు ఎక్కువగా 20–40 ఏళ్ల ఆసియా మగవాళ్లలో కనిపిస్తుంది.

థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలోని పొటాషియాన్ని కండరాల్లోకి తోసే పంపులు జోరందుకుంటాయి. అన్నం, స్వీట్లు ఎక్కువగా తిన్నాక ఊరే ఇన్సులిన్ ఆ తోపుడును ఇంకా పెంచుతుంది. బాగా కష్టపడ్డాక తీసుకునే విశ్రాంతి, మద్యం, స్టెరాయిడ్లు కూడా దీన్ని రేపుతాయి. పొటాషియం ఒంట్లోంచి పోలేదు, చోటు మారిందంతే. వైద్యమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

వెంటనే 108కి ఫోన్ చేయండి. నడిపించొద్దు. గ్లూకోజ్ నీళ్లు, జ్యూస్, కూల్‌డ్రింక్ ఏదీ పట్టొద్దు. పొటాషియం సిరప్ ఇంట్లో ఉన్నా మీ అంతట మీరు పోయకండి. మింగడం, ఊపిరి కష్టమైతే ఆ మాట ముందుగా చెప్పండి.

ఆసుపత్రిలో మొదట ఈసీజీ, పొటాషియం చూస్తారు. మామూలుగా లీటరు రక్తంలో 3.5–5 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే యూనిట్) ఉండాల్సిన పొటాషియం ఇందులో తరచూ 3 లోపే ఉంటుంది. అదే రక్తంతో థైరాయిడ్ పరీక్షలైన టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3 కూడా చేయమని అడగండి. నీరసమని గ్లూకోజ్ బాటిల్ పెట్టబోతే "థైరాయిడ్ అనుమానం ఉంది, పొటాషియం రిపోర్టు వచ్చిందా?" అని అడగండి, మొహమాటపడొద్దు. గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఊరి పొటాషియం ఇంకా పడిపోతుంది.

పొటాషియం క్లోరైడ్ నోటితోనో, నెమ్మదిగా డ్రిప్‌లోనో ఇస్తారు. 10 శాతం సిరప్ 15 మి.లీ.లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. రోజుకు 90 మిల్లీఈక్వివలెంట్లు దాటకుండా చూసుకుంటారు. కండరాల్లో దాగిన పొటాషియం తిరిగొచ్చినప్పుడు మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. అందుకే మళ్లీ మళ్లీ పరీక్ష చేస్తారు. ప్రొప్రనలాల్ అనే మందు పొటాషియాన్ని కండరాల్లోకి తోసే ఆ పంపుల జోరు తగ్గిస్తుంది. ఆస్తమా ఉంటే తప్పక చెప్పండి.

లేచి నడిచాక చాలామంది ఆసుపత్రి వైపే చూడరు. థైరాయిడ్ అదుపులోకి వచ్చేదాకా మళ్లీ వస్తుంది. రోజూ పొటాషియం తాగినా ఆగదు. థైరాయిడ్ తగ్గించే కార్బిమజోల్ మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించండి.