విశాఖలో కుందేళ్లకు ఆరుబయట గూడు: కొనేముందు ఏం చూసుకోవాలి?

కుందేలు పిల్లను కొనడానికి ఐదు నిమిషాలు చాలు. పిల్లలు మారాం చేస్తారు, కొట్టతను దాన్ని అరచేతిలో పెడతాడు, అంతే. గూడు సంగతి ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది. మాకూ అలాగే అయింది. ఫోన్లో ఫొటో చూసి ముచ్చటపడి ఒక చెక్క గూడు తెప్పించాం. ఎర్ర కప్పు, చిట్టి నిచ్చెన, బొమ్మరిల్లులా ఉంది. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద అది ఒక్క వానాకాలం కూడా నిలవలేదు. వినాయక చవితి నాటికి అడుగు చెక్క ఉబ్బింది, జాలీకి కొట్టిన పిన్నులు తుప్పుపట్టి రాలిపోయాయి. అంతకు ముందు మే నెలలో ఓ మధ్యాహ్నం లోపల చెయ్యి పెట్టి చూస్తే పెనం దగ్గర పెట్టినట్టే ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, అలాంటి నమూనాలన్నీ చలిదేశాల కోసం పుట్టినవి. చలిగాలి లోపలికి రాకుండా మూసి ఉంచడమే వాటి పని. మనకు కావలసింది దాదాపు దానికి తలకిందులు. ఇక్కడ కుందేలుకు ముప్పు ఎండ నుంచి, ఉక్కపోత నుంచి, ఉప్పుగాలి నుంచి, ఏటా వచ్చే తుపాన్ల నుంచి. గూడు ఎంచుకునేటప్పుడు ఈ నాలుగూ బుర్రలో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. ముందు చోటు, తర్వాత గూడు

గూడు కొనేసి దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవద్దు. కుందేలుకు మనలా చెమట పట్టదు. కుక్కలా వగర్చి చల్లబడటం కూడా దానికి పెద్దగా చేతకాదు. ఒంట్లో వేడి ఎక్కువగా ఆ పొడవాటి చెవుల గుండానే బయటికి పోవాలి. 15 నుంచి 21 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. 30 దాటితే కష్టం మొదలవుతుంది. మన ఊళ్లో వేసవి పొడుగునా మధ్యాహ్నాలు 30 పైనే ఉంటాయి, పైగా గాలిలో తేమ. కాబట్టి ఎంత ఖరీదైన గూడైనా ఎండలో పెడితే అది పొయ్యే.

ఒక సెలవురోజు ఉదయం ఎనిమిదికి, పన్నెండుకి, మూడింటికి, అయిదింటికి మీరు అనుకున్న చోటుకు వెళ్లి నీడ ఎటు ఉందో చూడండి. పడమటి ఎండ నేరుగా కొట్టే చోటు అసలు వద్దు. ఇంటికి తూర్పున గానీ ఉత్తరాన గానీ గోడ నీడ పడే చోటు మేలు. వేపచెట్టు కింద ఇంకా మేలు. కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి, కాయ ఎప్పుడు రాలుతుందో దానికే తెలియదు.

మేడ మీద పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. పైన షెడ్డు ఉన్నా, గూడు కాళ్లు కనీసం అడుగున్నర ఎత్తు ఉండి కింద గాలి ఆడాలి. షెడ్డే లేకపోతే మేడ ఆలోచన మానుకోండి. మెట్ల కింద చోటైనా, వరండా మూలైనా దానికంటే నయం.

హైదరాబాదులో ఉండే మా బావగారు తడి గోనెపట్టా కట్టమని సలహా ఇచ్చారు. అక్కడి పొడి ఎండకు అది బాగానే పనిచేస్తుంది. ఇక్కడ గాలిలోనే నీళ్లుంటాయి కాబట్టి గోనె ఓ పట్టాన ఆరదు. ఆరకపోతే చల్లబడదు, పైగా గాలిని అడ్డుకుని లోపల ఉక్క పెంచుతుంది. మనకు దిక్కు నీడ, గాలి. మరీ వేడిగా ఉన్న రోజున నీళ్ల సీసా గడ్డకట్టించి, గుడ్డ చుట్టి లోపల పెడితే కుందేలు దానికి ఆనుకుని పడుకుంటుంది.

2. పెరిగాక ఎంత ఉంటుందో ఊహించి కొలత తీసుకోండి

కొట్లో అరచేతిలో ఇమిడిన తెల్ల కుందేలు పిల్ల ఏడాది తిరిగేసరికి మూడు కిలోలు దాటుతుంది. పిల్లను చూసి గూడు కొంటే పండక్కి కొన్న బూట్లలాగే అవుతుంది. పెద్ద కుందేలు వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు కప్పుకు తగలకూడదు. ఒక గోడ నుంచి ఇంకో గోడకు కనీసం మూడు గెంతులు వేయగలగాలి. కాళ్లు బారచాపి పక్కకు ఒరిగి పడుకోగలగాలి. లెక్కగా చెప్పాలంటే ఒక జతకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కంటే తగ్గకూడదు. అదైనా రాత్రి పడకకు, దాక్కోవడానికే. రోజంతా అందులోనే ఉంచితే చాలదు. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసేవాళ్లు జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటారు. మన ఇళ్లలో అంత చోటు దొరకడం కష్టమే. అలాంటప్పుడు గూటికి ఆనించి జాలీ ఆవరణ ఒకటి కట్టించుకోవచ్చు, లేదా పొద్దున సాయంత్రం వరండాలో వదలొచ్చు.

"జత" అని అమ్మేవాళ్ల మాట పట్టుకుని నిశ్చింతగా ఉండకండి. ఆడ, మగ అయితే నెల రోజుల్లో ఈనుతుంది, మళ్లీ వెంటనే చూలు కడుతుంది. పిల్లలు వద్దనుకుంటే పశువైద్యుడితో మాట్లాడి మగదానికి ఆపరేషన్ చేయించాలి. ఇక కలపొచ్చని వైద్యుడు చెప్పేదాకా విడిగా ఉంచడానికి మధ్యలో తీసి పెట్టుకునే అడ్డు ఉన్న గూడు పనికొస్తుంది.

ఇంకో మాట. కుందేలుకు మన పల్లెల్లో చెవులపిల్లి అనే పేరూ ఉంది. కొండల్లో, పొలాల్లో తిరిగే ఆ అడవి చెవులపిల్లి వేరే జాతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దానికి రక్షణ ఉంది. ఎవరైనా పట్టుకొచ్చి అమ్మజూపినా కొనకూడదు.

3. జాలీ దగ్గర పిసినారితనం వద్దు

గూడు బతికేదీ చచ్చేదీ జాలీ దగ్గరే. ఆరు పలకల కోడి జాలీ కోడిని లోపల ఉంచుతుందే గానీ కుక్కను బయట ఉంచలేదు. వీధికుక్క రెండు లాగులు లాగితే చిరుగుతుంది. కావలసింది వెల్డ్ మెష్ (తీగలను అడ్డంగా నిలువుగా అతికి చేసిన జాలీ), అరంగుళం గడి, 16 నుంచి 18 గేజి. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి, చాలామంది తిరగేసి అనుకుంటారు. గడిలో బొటనవేలు సులువుగా దూరిపోయిందంటే ఆ జాలీ వద్దు. మధురవాడ, ఎండాడ, సింహాచలం వైపు కొండల పక్కన ఉండేవాళ్లు పాముల్ని దృష్టిలో పెట్టుకోవాలి. మిగతా ఊరంతటా పిల్లులు, పందికొక్కులు ఎలాగూ ఉన్నాయి.

ఇక తుప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న లాసన్స్ బే కాలనీలోనో, సాగర్ నగర్‌లోనో ఇనప గేటును ఒకసారి చూడండి, ఉప్పుగాలి ఏం చేస్తుందో అర్థమవుతుంది. జీఐ జాలీలో, అంటే జింకు పూత పూసిన ఇనప జాలీలో, రెండు రకాలున్నాయి. తీగకు ముందు జింకు పూత పూసి తర్వాత అతికినది ఒకటి. అతికాక మొత్తం జాలీని జింకులో ముంచినది ఇంకొకటి. మొదటిదానిలో అతుకుల దగ్గర పూత కాలిపోయి నల్లటి చుక్కలా కనిపిస్తుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. రెండోదానిలో అతుకు మీద కూడా వెండిరంగు పూత గడ్డకట్టినట్టు ఉంటుంది. అది తీసుకోండి. డబ్బు పెట్టగలిగితే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ఇంకా మంచిది. కొట్టుకు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. గట్టిగా అతుక్కుపోతే అది 304 కాకపోవచ్చు. ఒక్క ఈ పరీక్షతోనే తీర్పు చెప్పలేం గానీ, అమ్మేవాడు మాత్రం కాస్త జాగ్రత్తగా మాట్లాడతాడు.

జాలీని చట్రానికి లోపలివైపు బిగించారో లేదో చూడండి. బయటివైపు బిగిస్తే లోపలి చెక్కంతా కుందేలు పళ్లకు అందుతుంది. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరక్కుండా ఉండలేదు. పిన్నులతో కొట్టిన జాలీ కూడా వద్దు. చెక్క పట్టీ వేసి స్క్రూలతో బిగించినదే నిలుస్తుంది.

4. చట్రం, చెక్క

నా అనుభవంలో కాళ్లు, చట్రం పౌడర్ కోటింగ్ చేసిన ఇనప పైపుతోనూ, గోడలు చెక్కతోనూ ఉన్న గూడు మన ఊరికి సరిపోతుంది. మొత్తం ఇనుమైతే కాలుతుంది, మొత్తం చెక్కయితే చెదలు పడతాయి. మామూలు ప్లైవుడ్ వానకు పొరలు విడిపోతుంది కాబట్టి ప్లై అయితే తడికి తట్టుకునే మెరైన్ ప్లై అడగండి. దాని అంచులకు లోపల అల్యూమినియం పట్టీ వేయించండి, లేకపోతే కుందేలు అంచునే పట్టుకుని తినేస్తుంది. లోపలివైపు రంగు, వార్నిష్, చెదల మందు ఏదీ ఉండకూడదు. తల లోపల పెట్టి వాసన చూడండి. ఘాటుగా ఉంటే వదిలేయండి.

రెడీమేడ్‌లో ఇవన్నీ ఒకచోట దొరకడం అరుదు. మేము రెండోసారి కాగితం మీద బొమ్మ గీసుకుని గాజువాక ఆటోనగర్ వైపు ఒక వెల్డింగ్ షాపుకు వెళ్లి చట్రం చేయించుకున్నాం. చెక్క పని మా వీధి వడ్రంగి చేశాడు. "కుందేలుకు ఇంత హంగామానా అమ్మా" అని రెండు రోజులు నవ్వాడు, మూడో రోజు కప్పు వాలు ఎటు పెడితే బాగుంటుందో తనే చెప్పాడు.

5. అడుగు

జాలీ అడుగు ఉన్న గూళ్లు శుభ్రం చేయడానికి సులువు, రెట్టలు కింద పడిపోతాయి. కానీ కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తని దిండ్లు ఉండవు, వెంట్రుకలే. తీగల మీద రోజుల తరబడి కూర్చుంటే మడమలు పుండ్లు పడతాయి. అడుగు చదునైన చెక్కగా ఉండి, దాని మీద బయటికి లాగే ట్రే, ట్రేలో మందంగా ఎండుగడ్డి ఉంటే చాలు. ఆనందపురం వైపు నుంచి వరిగడ్డి తెచ్చుకోవచ్చు, పొడిగా, బూజు లేకుండా ఉందో లేదో చూసుకోండి. కొట్లోనే ఆ ట్రేను రెండు మూడుసార్లు లాగి చూడండి. అది ఇరుక్కుంటుంటే మీరు వారానికోసారి కూడా కడగరు. కడగకపోతే మూత్రం ఘాటుకు కుందేలు ముక్కు, ఊపిరితిత్తులు పాడవుతాయి. వానాకాలంలో అయితే ఈగలు గుడ్లు పెట్టి ఒంటికి పురుగు పట్టే ప్రమాదం ఉంది.

చీమల కోసం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మనకు తెలిసిన పద్ధతే. పెట్టండి గానీ రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. లేకపోతే కుందేలుకు చీమలు తప్పుతాయి, మనకు డెంగీ వస్తుంది.

6. కప్పు, గాలి

ఒంటి రేకు కప్పు వద్దు. రేకే కావాలంటే కింద చెక్క, పైన రేకు, మధ్య మూడు నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. ఆ సందులో గాలి ఆడితే వేడి కిందికి దిగదు. తాటాకు కప్పితే చల్లగానే ఉంటుంది, అయితే అందులో ఎలుకలు కాపురం పెడతాయి, దీపావళికి ఒక తారాజువ్వ చాలు. కప్పు వెనక్కి వాలుగా ఉండి, అన్ని వైపులా ఆరంగుళాలైనా ముందుకు రావాలి. గూటిలో రెండు వైపులు జాలీగా, మిగతా రెండు గోడలుగా ఉంటే గాలి ఇటు నుంచి అటు పోతుంది. ఒక మూల పూర్తిగా మూసిన గది తప్పనిసరి. భయపడినప్పుడు కుందేలు దాక్కునేది అక్కడే.

7. తలుపు, గడియ

తలుపు మీ రెండు చేతులూ, కుందేలూ కలిసి పట్టేంత వెడల్పు ఉండాలి. కొండల పక్క కాలనీల్లో కోతులు తిరుగుతాయి. మామూలు గడియ వాటికి ఆట. గడియ వేసి, దానికి కొక్కెం గానీ చిన్న తాళం గానీ తగిలించేలా ఉండాలి. బందులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. మొత్తం ఖర్చులో అవి ఎంతని!

8. తుపాను సంగతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేడల మీద ఉన్న నీళ్ల ట్యాంకులే ఎగిరిపోయాయి. గూడు ఎంత గట్టిదైనా కుందేళ్లను అలాంటి గాలిలో బయట ఉంచకూడదు. అందుకే గూటితోపాటు లోపలికి మోసుకెళ్లడానికి ఒక చిన్న బుట్టో, పిల్లులను తీసుకెళ్లే పెట్టెలాంటిదో కొనండి. గూటి కాళ్లకు రంధ్రాలుండి నేలకో గోడకో బోల్టుతో బిగించే వీలుండాలి. లేకపోతే అదే ఎగిరి పక్కింటి అద్దం పగలగొడుతుంది. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చిందా, కుందేళ్లు ఇంట్లోకి. దీపావళి రాత్రి కూడా అంతే, బాంబుల చప్పుడుకు బెదిరి ప్రాణాలు పోయే జంతువు అది.

9. తెచ్చాక మూడు రోజులు ఖాళీగా

గూడు రాగానే కుందేళ్లను పెట్టేయకండి. లోపల ఒక గది థర్మామీటరు వేలాడదీసి మూడు మధ్యాహ్నాలు చూడండి. బయటి నీడ కంటే లోపల వేడి ఎక్కువ చూపిస్తే గాలి ఆడట్లేదన్నమాట. వెనక గోడ పైభాగంలో ఒక పలక తీయించి జాలీ వేయించండి. నాలుగో రోజు గడ్డి పరిచి, మోటారు పైపు తెచ్చి కప్పు మీద, పక్కల మీద పది నిమిషాలు నీళ్లు కొట్టండి, మన వాన ఏటవాలుగా కొడుతుంది కాబట్టి మీరూ ఏటవాలుగానే కొట్టాలి. తర్వాత మూల గదిలో గడ్డిని పిడికిట పట్టి చూడండి. పొడిగా ఉంటే ఆ సాయంత్రమే గృహప్రవేశం. తడి తగిలితే వడ్రంగి వచ్చేదాకా కుందేళ్లు వరండాలోనే.