మౌస్ ఐజీజీ1 కాలమ్‌కి పట్టకపోతే: నా అనుభవం

గుంటూరులో మా చిన్న ల్యాబ్‌లో రెండు నెలలు ఇదే టెన్షన్. యాంటీబాడీ తయారుచేసే హైబ్రిడోమా కణాలు బాగానే పెరుగుతున్నాయి, వాటి మీద తేరిన ద్రవంతో ఎలైజా (యాంటీబాడీ ఉందో లేదో రంగుతో చూపే పరీక్ష) పెడితే పసుపు రంగు చిక్కగా వస్తోంది, కానీ ‘ప్రొటీన్ ఏ’ (యాంటీబాడీని పట్టుకునే ప్రొటీన్) నింపిన కాలమ్‌లోంచి పంపితే చివరి ట్యూబుల్లో ఏమీ ఉండదు. కాలమ్ మార్చాను, వేగం తగ్గించాను, రాత్రంతా కోల్డ్ రూమ్‌లో ఉంచాను, అన్నీ దండగే.

ఒకరోజు కాలమ్ దాటి వచ్చిన ద్రవాన్ని పారబోయకుండా దానికే ఎలైజా పెట్టాను. యాంటీబాడీ అంతా అందులోనే ఉంది! యాంటీబాడీ ఏ రకమో చెప్పే ఐసోటైప్ కిట్ తీస్తే మౌస్ ఐజీజీ1 (ఎలుక యాంటీబాడీల్లో ఒక రకం) అని తేలింది. ఈ రకం పీహెచ్ 7.4 దగ్గర ‘ప్రొటీన్ ఏ’కి గట్టిగా పట్టదు. మొదటి రోజే చూడాల్సింది.

ఇక పట్టు పెంచడానికి పనిచేసింది ఇదీ: ద్రవంలో గ్లైసిన్ 1.5 మోలార్, ఉప్పు 3 మోలార్ అయ్యేలా కలిపాను. లీటరుకి దాదాపు 175 గ్రాముల ఉప్పు, మా అమ్మ చూస్తే ఆవకాయ పెడుతున్నావా అంటుంది. అంతా కరిగాకే సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8.9కి తెచ్చి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, అదే ఉప్పు బఫర్‌తో ముందే తడిపిన కాలమ్‌లోకి నెమ్మదిగా వదిలాను. కడిగాక, పట్టిన యాంటీబాడీని పీహెచ్ 3 గ్లైసిన్‌తో దింపాను. ట్యూబుల్లో ముందుగానే ఆ ఆమ్లాన్ని తగ్గించే ట్రిస్ కొంచెం పోసి పెట్టుకోండి, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే యాంటీబాడీ ముద్దకట్టే ప్రమాదం ఉంది.

ఇది నా ఒక్క క్లోన్ (ఒకే కణం నుంచి పెరిగిన కణాల) సంగతి. ఆవు సీరమ్ కలిపిన మీడియా (కణాలు పెంచే ద్రవం) అయితే అందులోని ఆవు యాంటీబాడీ (ఐజీజీ) కూడా అంటుకుని వస్తుంది. డబ్బులుంటే ఈ రకాన్ని మామూలు పీహెచ్‌లోనే పట్టే ‘ప్రొటీన్ జీ’ కాలమ్ కొనండి, ఈ ఉప్పు గొడవే ఉండదు.