మీరు ఆడే వీఆర్ గేమ్ స్టూడియోని పెద్ద కంపెనీ కొనేసిందా? ముందు వైఫై ఆపి చూడండి

వీఆర్ గేములు (కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఆట లోపలే ఉన్నట్టు ఆడేవి) చేసే స్టూడియో అమ్ముడుపోయిందన్న వార్త రాగానే అందరూ ఎంతకి కొన్నారు, ఎవరికి ఎంత ముట్టింది అనే మాట్లాడుకుంటారు. డబ్బు పెట్టి గేమ్ కొనుక్కున్న మనకి ఆ లెక్కలతో పని లేదు. ఇంకో మూడేళ్లకి ఈ గేమ్ తెరుచుకుంటుందా లేదా, అదొక్కటే మనకి కావాల్సింది. అది ఎవరూ చెప్పరు కాబట్టి మనమే చూసుకోవాలి.

మొదటి పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. హెడ్‌సెట్ పెట్టుకుని, సెట్టింగ్స్‌లో వైఫై ఆపేసి, గేమ్ తెరవండి. మామూలుగా ఆడుకోగలిగితే సగం టెన్షన్ పోయినట్టే. లోగో దగ్గరే చక్రం తిరుగుతూ కూర్చుందా, అయితే మీరు కొన్నది గేమ్ కాదు, వాళ్ల సర్వర్లోకి ఒక టికెట్. మధ్య రకం కూడా ఉంటుంది, ప్రాక్టీస్ గది తెరుచుకుంటుంది కానీ మ్యాచ్ దొరకదు. దాన్నీ టికెట్ కిందే లెక్కేసుకోండి.

ఎకో వీఆర్ సంగతి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బరువు తెలియని చోట గాల్లో ఈదుతూ, గోడలు పట్టుకుని తోసుకుంటూ డిస్క్‌ని గోల్‌లో వేసే ఆట. చేసింది కాలిఫోర్నియాలోని రెడీ ఎట్ డాన్. 2020 జూన్‌లో ఆ స్టూడియోని ఫేస్‌బుక్ కొన్నది, అదే తర్వాత మెటా అయింది. 2023 జనవరి 31న ఆట ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది, ఆగస్టు 1న సర్వర్లు ఆగిపోయాయి. ఆడేవాళ్లు లేకపోలేదు, చాలామంది మొత్తుకున్నారు కూడా, అయినా ఆగలేదు. సరే, మనుషుల్ని ఇంకో పెద్ద ప్రాజెక్టుకి మళ్లిస్తున్నారేమో అని సర్దిచెప్పుకుంటే, 2024 ఆగస్టులో స్టూడియోనే మూసేశారు. అదే స్టూడియో చేసిన లోన్ ఎకో మాత్రం ఒక్కరే ఆడుకునే కథ, అవతల ఇంకో ఆటగాడు ఉండాల్సిన పని లేదు. ఇంచుమించు అవే చేతులు, అదే ఈత, ఒకటి సర్వర్‌తో పాటే పోయింది, రెండోదానికి ఆ గండం లేదు.

రెండో పని, కొన్నవాడు ఎందుకు కొన్నాడో చూడటం. హెడ్‌సెట్లు అమ్మే కంపెనీ గేమ్ స్టూడియోని కొనేది గేమ్ లాభం కోసం అనుకోకండి, ఆ గేమ్ చూపించి హెడ్‌సెట్ అమ్మడం కోసం. జీతాలు హెడ్‌సెట్ విభాగం బడ్జెట్ నుంచే వస్తాయి, అక్కడ చేయి బిగిస్తే మంచి రివ్యూలు ఎవరినీ కాపాడవు. ట్విస్టెడ్ పిక్సెల్ అనే స్టూడియోని మెటా 2022లో తీసుకుంది. వాళ్ల డెడ్‌పూల్ వీఆర్ 2025 నవంబర్‌లో వచ్చింది, 2026 జనవరిలో స్టూడియో మూత. రెండు నెలలు! అదే దెబ్బకి మెటా చేతిలోని సంజారు, ఆర్మేచర్ స్టూడియోలు కూడా పోయాయి. సంజారు చేసిన ఆస్గార్డ్స్ రాత్ 2ని ఒకప్పుడు మెటా హెడ్‌సెట్ క్వెస్ట్ 3 కొన్నవాళ్లకి ఉచితంగా ఇచ్చి ఊరించారు, అది గుర్తుంచుకోండి. అందుకే గేమ్ రివ్యూల కన్నా ఆ విభాగం లెక్కలు చదవమంటాను. మెటాలో ఆ విభాగం పేరు రియాలిటీ ల్యాబ్స్, దాని నష్టం ఒక్క 2024లోనే దాదాపు 1,770 కోట్ల డాలర్లు. అంత కారుతున్న కుండకి ఎప్పుడో ఒకప్పుడు మూత పెడతారు కదా.

మీ దగ్గరున్నది పోటీ కంపెనీ హెడ్‌సెట్ అయితే ఇంకాస్త జాగ్రత్త. ప్రాగ్‌లోని బీట్ గేమ్స్‌ని ఫేస్‌బుక్ 2019 నవంబర్‌లో కొన్నది. వాళ్ల పాటల గేమ్ బీట్ సేబర్ చావలేదు, పాటలు వస్తూనే ఉన్నాయి. కానీ సోనీ ప్లేస్టేషన్‌లో కొనుక్కున్నవాళ్లకి 2025 జూన్ నుంచి కొత్త పాటలు, అప్‌డేట్లు ఆపేశారు, 2026 జనవరితో మల్టీప్లేయర్ (నెట్‌లో ఇతరులతో కలిసి ఆడటం) కూడా అయిపోయింది. వైఫై పరీక్షలో పాసైన గేమ్ కూడా ఇలా మెల్లగా ఎండిపోవచ్చు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఔల్కెమీ ల్యాబ్స్ అనే స్టూడియోని గూగుల్ 2017లో కొన్నది, ఆ తర్వాత వచ్చిన వెకేషన్ సిమ్యులేటర్ ప్లేస్టేషన్‌కీ వచ్చింది, క్వెస్ట్‌కీ వచ్చింది. గూగుల్ తన వీఆర్ హెడ్‌సెట్‌ని 2019లోనే వదిలేసింది మరి, ఒకరి హెడ్‌సెట్ మీద కోపం ఎందుకుంటుంది? ఇదే గూగుల్ 2021 జనవరిలో టిల్ట్ బ్రష్ అనే బొమ్మలు గీసే యాప్ పని ఆపేస్తూ, దాని కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేసింది. అందులోంచి ఓపెన్ బ్రష్ పుట్టి ఇప్పటికీ నడుస్తోంది. ఆపదలుచుకుంటే ఇలా ఆపాలి, నన్నడిగితే.

ఇక డబ్బు. కొనుగోలు వార్త వచ్చాక ఆ గేమ్‌లో కాయిన్లు, సీజన్ పాస్‌లు కొనడం ఆపేయండి. నేను ఒక పండగ ఆఫర్‌లో ఓ గేమ్‌కి బోలెడు కాయిన్లు కొని, ఆర్నెల్లకి దాని షాపు మూస్తే, పేరుకి వందల కాయిన్లు, కొనడానికి టోపీ కూడా లేదు, అని మా బావ ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు (డాలస్ నుంచి నా హెడ్‌సెట్ మోసుకొచ్చింది ఆయనే). చందా ఉంటే ఏడాదిది వద్దు, నెలదే కట్టండి. వ్యాయామం యాప్ సూపర్‌నేచురల్ కోసం మెటా అమెరికా ప్రభుత్వ సంస్థతో కోర్టులో పోరాడి గెలిచి 2023 ఫిబ్రవరిలో చేజిక్కించుకుంది, మూడేళ్లు తిరక్కుండానే కొత్త వ్యాయామాలు ఆపేసింది. అంత కష్టపడి కొన్నదాని గతే అది. కొత్తగా కొన్న గేమ్ మీద అనుమానం వస్తే నానబెట్టకండి, మెటా స్టోర్‌లోనైనా, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లోనైనా మామూలుగా 14 రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడి ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది.

హైదరాబాద్‌లో కూర్చుని బయటి స్టూడియోలకి ఆర్ట్, టెస్టింగ్ పని చేసిపెట్టేవాళ్లకి ఒక్క మాట. క్లయింట్ అమ్ముడుపోయాడని తెలిసిన రోజే పెండింగ్ బిల్లులన్నీ పంపేయండి. కొత్త యజమాని తన వెండర్ల జాబితా, తన పద్ధతి తెస్తాడు, పాత మేనేజర్ ఫోన్‌లో ఇచ్చిన మాట అందులో ఎక్కడా ఉండదు. చేసిన పనిని మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి అనుమతి కూడా ఆ పాత మేనేజర్ కుర్చీలో ఉండగానే మెయిల్‌లో రాయించుకోండి.

ఆపేస్తున్నామని తారీఖు ప్రకటించేశారనుకోండి, అప్పుడు గేమ్‌ని కాపాడలేరు, మనుషుల్ని కాపాడుకోవచ్చు. గేమ్ లోపలి ఫ్రెండ్స్ లిస్ట్ సర్వర్‌తో పాటే పోతుంది. రెండేళ్లుగా రోజూ రాత్రి మీతో ఆడే మనిషి మీకు ఒక నిక్‌నేమ్, ఒక గొంతు, అంతే కదా? ఆ ఆఖరి వారంలో ఒక్కొక్కరినీ ఆపి, డిస్కార్డ్ (గేమ్ ఆడేవాళ్ల చాట్ యాప్) పేరో మరొకటో అడిగి, హెడ్‌సెట్ తీసి, కాగితం మీద రాసుకోండి.